మల వ్యర్థాల నిర్వహణ ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

కొత్తపాఠం

అందరికీ నమస్కారం. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. మంచినీటి సరఫరా, మురుగు కాలువల డిజైన్ కాలేజీలో బాగానే చెప్పారు. సెప్టిక్ ట్యాంకు మాత్రం అర పేజీతో అయిపోయింది, అదీ పరీక్షలో ఐదు మార్కుల కోసం. ఇప్పుడు పట్టణ పారిశుధ్యం మీద పనిచేసే ఒక టీమ్‌లో చేరబోతున్నాను. అక్కడ ఎవరి నోట విన్నా ఎఫ్‌ఎస్‌ఎం (మల వ్యర్థాల నిర్వహణకే పొట్టి పేరట), స్లడ్జ్, డ్రైయింగ్ బెడ్, ఎస్‌ఎఫ్‌డీ. చేరేలోపు ఆన్‌లైన్‌లో కొంత నేర్చుకుందామని వెతికితే కోర్సులు, పీడీఎఫ్‌లు, వెబినార్లు కుప్పలుగా కనిపిస్తున్నాయి. ఏది ముందు చదవాలి? మురుగునీటి శుద్ధి తెలిసినవాళ్లకి ఇది సులువుగానే వచ్చేస్తుందా?

మురుగుశుద్ధి

రాదండి. మురుగునీటి ప్లాంటు నడిపినవాళ్లే ఇందులో ముందుగా తడబడతారు, అన్నీ తెలుసనుకుని దిగుతారు కాబట్టి.

మామూలు మురుగునీటిలో సీఓడీ, అంటే మలిన భారాన్ని చూపే కొలత, లీటరుకి 500 నుంచి 2,500 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. పబ్లిక్ టాయిలెట్ ట్యాంకుల నుంచి తీసిన స్లడ్జ్‌లో (ట్యాంకులో పేరుకున్న మల బురద) 20,000 నుంచి 50,000 దాకా వెళ్తుంది. ఇప్పుడు 5 ఘనమీటర్ల ట్యాంకర్ ఒకటి, 20,000 సీఓడీ ఉన్న సరుకుతో వచ్చి మీ ప్లాంటు ఇన్‌లెట్‌లో వదిలిందనుకోండి. అంటే 100 కిలోల సీఓడీ. లీటరుకి 500 మిల్లీగ్రాములుండే మురుగునీటితో పోలిస్తే 200 ఘనమీటర్లు ఒక్కసారిగా వచ్చి పడినట్టు. బండి చూస్తే చిన్నది, భారం 40 రెట్లు. "ఎలాగూ ప్లాంటు ఉందిగా, దాంట్లోనే పోసేద్దాం" అనే మాట ప్రతి మీటింగులో వస్తుంది. ఆ మాట విన్నప్పుడు ఈ లెక్క వేసి చూపించండి.

పైగా ఏళ్ల తరబడి ట్యాంకులో మాగిన స్లడ్జ్‌లో బ్యాక్టీరియా సులువుగా తినేది చాలావరకు అయిపోయి ఉంటుంది. మిగిలేది అమ్మోనియా, జడ ఘనపదార్థం. అవి ప్లాంటులో గాలి పంపే ఏరేషన్ ట్యాంకులోకి వెళ్తే కరెంటు ఖర్చు పెరుగుతుంది, అడుగున బురద పేరుకుంటుంది, శుద్ధి మాత్రం అంతంతే.

ఓపెన్‌కోర్సు

అడిగింది ఎక్కడ మొదలుపెట్టాలని కదా, ఆ సంగతి చెప్తాను.

కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో స్విట్జర్లాండ్‌కి చెందిన ఈఏవాగ్ అనే నీటి పరిశోధనా సంస్థలోని శాండెక్ విభాగం, అక్కడి ఈపీఎఫ్‌ఎల్ యూనివర్సిటీ కలిసి పెట్టిన కోర్సులున్నాయి. వాటిలో మీకు పనికొచ్చేవి రెండు. ఒకటి పారిశుధ్య వ్యవస్థల ప్లానింగ్, డిజైన్ గురించి. రెండోది నేరుగా ఫీకల్ స్లడ్జ్ మేనేజ్‌మెంట్ పరిచయం. చాలామంది పేరు చూసి రెండోదానిలోకి దూకుతారు. నా సలహా, ప్లానింగ్ కోర్సుతో మొదలుపెట్టండి. మరుగుదొడ్డి, కింద ట్యాంకో గుంతో, ఖాళీ చేయడం, తరలించడం, శుద్ధి, ఆ తర్వాత వాడుకోవడం లేదా పారవేయడం. ఈ గొలుసు మొత్తం మనసులో కుదిరాకే స్లడ్జ్ కోర్సులోని లెక్కలు ఎందుకో అర్థమవుతాయి. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు ఉంటుంది. మీరు చేరేది ఉద్యోగంలో కాబట్టి దాని గురించి పెద్దగా ఆలోచించకండి.

పక్కన రెండు పుస్తకాలు తెరిచి ఉంచుకోండి, రెండూ ఉచిత పీడీఎఫ్‌లే. ఒకటి శాండెక్ వాళ్ల కంపెండియం, 2014లో వచ్చిన రెండో కూర్పు. ప్రతి టెక్నాలజీకి రెండు పేజీలు, బొమ్మతో సహా. ఇంకొకటి 2014లోనే లిండా స్ట్రాండే, మారిస్కా రోంటెల్టాప్, దామిర్ బ్రజానొవిచ్ సంపాదకత్వంలో వచ్చిన ఫీకల్ స్లడ్జ్ మేనేజ్‌మెంట్ పుస్తకం. కంపెండియం నిఘంటువులా తిరగేయండి. రెండోదాన్ని మాత్రం పెన్ను పట్టుకుని చదవాలి.

సందేహాలుంటే సుసానా అనే అంతర్జాతీయ వేదిక ఉంది, 2007లో మొదలైంది. దాని లైబ్రరీలో ప్రాజెక్టు నివేదికలు బోలెడు.

ట్యాంకర్‌వెనక

అన్నీ బాగానే చెప్పారు గానీ, వాసన రాని చోట నేర్చుకున్న చదువు ఎంతవరకు పనికొస్తుందో నాకు అనుమానమే. 😀

వీడియోలో స్లడ్జ్ గొట్టంలోంచి ధారాళంగా వస్తుంది. నిజంగా చూస్తే అందులో గుడ్డలు, ప్లాస్టిక్, శానిటరీ ప్యాడ్లు, సీసాలు, ఒక్కోసారి చెప్పు. ట్యాంకు అడుగున గట్టిపడిన పొర కదలదు. నీళ్లు కొట్టి కలిపితే తప్ప వాక్యూమ్ పంపు లాగలేదు. చాలా చోట్ల పైన ఉన్న పలచటి నీళ్లు లాగేసి "అయిపోయింది" అంటారు. ఇంటివాళ్లు మూత తీసి చూడరు, చూసినా వాళ్లకి తెలియదు. అసలు బురద అలాగే ఉండిపోతుంది.

కోర్సు సగంలో ఉండగానే ఒక ట్యాంకర్ ఆపరేటర్‌తో మాట్లాడండి. రోజుకి ఎన్ని ట్రిప్పులు, గొట్టం ఎంత పొడవు, బండి పోలేని సందుల్లో ఏం చేస్తారు, ఎక్కడ పారబోస్తారు. చివరి ప్రశ్న మొదట్లోనే అడగొద్దు.

కొత్తపాఠం

ఓపెన్‌కోర్సు గారూ, ట్యాంకర్‌వెనక అన్నా, చాలా థ్యాంక్స్. ప్లానింగ్ కోర్సు మొదలుపెట్టాను. వీడియో చూస్తున్నంతసేపు అర్థమైనట్టే ఉంటోంది. తెల్ల కాగితం ముందు కూర్చుంటే ఏమీ రాయలేకపోతున్నాను. అభ్యాసం చేయడానికి ఏదైనా దారి ఉందా?

పటంగీతలు

ఉంది. ఎస్‌ఎఫ్‌డీ గీయండి. మొత్తం పేరు షిట్ ఫ్లో డయాగ్రమ్, పేరు విని నవ్వుకున్నా పర్లేదు. ఒక ఊళ్లో వందమంది మలం ఎక్కడెక్కడికి వెళ్తుందో బాణాల్లో చూపించే బొమ్మ అది. సురక్షితంగా వెళ్లేది పచ్చ బాణం, కానిది ఎర్ర బాణం. బాణం ఎంత లావుంటే అంతమంది. ఢాకా మీద గీసిన బొమ్మ ఒకటి బాగా తిరిగింది, అందులో సురక్షితంగా శుద్ధయ్యేది 2 శాతమే. వందల పేజీల నివేదిక చదవని అధికారి కూడా ఆ ఒక్క బొమ్మ చూసి ఆగిపోతాడు.

సాధనకి ఒక ఊహా పట్టణం తీసుకుందాం. వందమందిలో 30 మంది ఇళ్లకి మురుగు పైపులున్నాయి. 60 మందికి ట్యాంకులు, గుంతలు. 10 మందికి మరుగుదొడ్డే లేదు.

పైపుల్లో వెళ్లే 30లో 10 దారిలోనే కారిపోయి కాలువలో కలుస్తుంది. ప్లాంటుకి చేరే 20లో 15 సరిగా శుద్ధవుతుంది. ట్యాంకులున్న 60లో 25 మందివి ఖాళీ చేయిస్తారు, అందులో ప్లాంటుకి చేరి సరిగా శుద్ధయ్యేది 5. మిగతా 20 ఎక్కడో పారబోస్తారు. ఇంకా ఎప్పుడూ ఖాళీ చేయించనివి 35.

ఇప్పుడు చెప్పండి, ఈ ఊళ్లో సురక్షితం ఎంత శాతం?

కొత్తపాఠం

15 ప్లస్ 5, మొత్తం 20 శాతం.

నిదానం

ఆ 35ని ఏం చేశారు మరి? భూగర్భ జలాలకి ముప్పు తక్కువ ఉన్నచోట, నిండకుండా లోపలే ఉన్న మలాన్ని ఎస్‌ఎఫ్‌డీ పద్ధతిలో సురక్షితం కిందే లెక్కిస్తారు. అలా చూస్తే 55 శాతం.

పటంగీతలు

నిదానం గారు చెప్పింది రూల్ ప్రకారం కరెక్టే. చిక్కంతా అక్కడే ఉంది. ట్యాంకు పదేళ్లయినా నిండలేదంటే ఇంటాయన గర్వంగా చెప్పుకుంటాడు, "మాది మంచి ట్యాంకు" అని. నిండకపోవడానికి కారణాలు చూడండి. అడుగు కట్టకుండా వదిలేసి ఉండొచ్చు, అంతా నేలలోకి దిగిపోతుంది. లేదా ట్యాంకు చివర పెట్టిన పైపు ఇంకుడు గుంతకి కాకుండా రోడ్డు పక్క కాలువకి కలిపి ఉండొచ్చు. రెండో రకంలో ఎప్పుడూ ఖాళీ చేయక్కర్లేదు, ఎందుకంటే రోజూ ఖాళీ అవుతూనే ఉంటుంది, ఊరి మీదకి.

ఆ 35లో 20 మంది ఇళ్ల పైపులు కాలువలోకి ఉన్నాయని తేలితే సురక్షితం 55 నుంచి 35కి పడిపోతుంది. ఊరు అదే, ట్యాంకులు అవే. సర్వేలో "మీకు సెప్టిక్ ట్యాంకు ఉందా" అని అడిగి ఊరుకుంటే 55. "దాంట్లోంచి బయటికొచ్చే నీళ్లు ఎక్కడికి వెళ్తాయి" అని ఇంకో ప్రశ్న అడిగితే 35. ఏ కోర్సు చేసినా సరే, ఈ రెండో ప్రశ్న మర్చిపోకండి.

గ్రాఫిక్ గీసే ఆన్‌లైన్ టూల్ ఎస్‌ఎఫ్‌డీ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉంది. అయినా మొదటి బొమ్మ చేత్తోనే గీయండి.

నిదానం

ఒప్పుకుంటున్నాను. నిజానికి ఎన్ని ఇళ్లలో కొలిచారు, ఎన్ని ఇళ్లలో ఊరికే అడిగి రాసుకున్నారు అనేది బొమ్మ కింద రాయాలి. రాసేవాళ్లు తక్కువ.

మడిలెక్క

నా పేరు చూసి వ్యవసాయం అనుకోకండి, నేను డ్రైయింగ్ బెడ్ల, అంటే స్లడ్జ్ పోసి ఆరబెట్టే ఇసుక మడుల మనిషిని.

కొత్తపాఠం గారూ, ట్రీట్‌మెంట్ పాఠంలోకి వచ్చాక ఈ లెక్క చేయండి. రోజుకి 20 ఘనమీటర్ల స్లడ్జ్, ఏడాదిలో 300 రోజులు వస్తుంది. ఘనమీటరుకి 20 కిలోల ఘనపదార్థం. మొక్కల్లేని డ్రైయింగ్ బెడ్‌కి ఏడాదికి చదరపు మీటరుకి 100 నుంచి 200 కిలోలు వేయొచ్చంటారు పుస్తకంలో. 150 తీసుకోండి. ఎంత స్థలం కావాలి?

కొత్తపాఠం

20 × 300 = 6,000 ఘనమీటర్లు. అందులో ఘనపదార్థం 1,20,000 కిలోలు. 150తో భాగిస్తే 800 చదరపు మీటర్లు. ఇది వచ్చేసిందండీ!

మడిలెక్క

వచ్చింది. ఇప్పుడు దాన్ని మరో వైపు నుంచి తట్టి చూద్దాం.

బెడ్ మీద ఒకసారికి 20 సెంటీమీటర్ల మందాన పోస్తారనుకోండి. 6,000 ఘనమీటర్లని 800 చదరపు మీటర్ల మీద పోస్తే ఏడాదికి 7.5 మీటర్ల ఎత్తు. 20 సెంటీమీటర్ల చొప్పున దాదాపు 37 సార్లు. అంటే ఒక్కో బెడ్‌కి పది రోజులకోసారి వంతు వస్తుంది. పోయడం, నీరు దిగడం, ఆరడం, పారతో గీకి తీయడం, పైన పోయిన ఇసుక మళ్లీ వేయడం, అన్నీ ఆ పది రోజుల్లోనే అయిపోవాలి. ఎండా గాలీ ఉన్నచోట కుదురుతుందేమో. వానలు పడే చోట కుదరదు.

ఆరడానికి 15 రోజులు, మిగతా పనికి 2 రోజులు వేసుకుంటే ఒక చుట్టుకి 17 రోజులు. ఏడాదికి 21 చుట్లు, 4.2 మీటర్లు. 6,000ని 4.2తో భాగిస్తే సుమారు 1,430 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి పడే భారం 84 కిలోలు. పుస్తకం ఇచ్చిన 100 కంటే తక్కువే వచ్చింది చూడండి. 800కి, 1,430కి మధ్య తేడా అంతా మీ ఊరి వాతావరణం. స్థలం కేటాయించే మీటింగులో 800 అని చెప్పి బయటికొచ్చారంటే, రెండో ఏడాది తడి స్లడ్జ్ మీదే కొత్త స్లడ్జ్ పోయాల్సి వస్తుంది. తర్వాత ఇసుక మూసుకుపోతుంది, ప్లాంటు చెరువవుతుంది.

మురుగుశుద్ధి

ముందు సెట్లింగ్ ట్యాంకు పెట్టి చిక్కబరిస్తే? ఘనమీటరుకి 60 కిలోలు అయితే 6,000 కాస్తా 2,000 ఘనమీటర్లే కదా.

మడిలెక్క

పెట్టొచ్చు. సెనెగల్ రాజధాని డకార్‌లోని కాంబెరెన్ ప్లాంటులో చేసింది అదే, ముందు సెట్లింగ్, తర్వాత బెడ్లు. కానీ ఏడాదికి అదే 4.2 మీటర్ల ఎత్తు లెక్కన ఇప్పుడు 476 చదరపు మీటర్లు చాలని వస్తుంది, భారం లెక్కన చూస్తే చదరపు మీటరుకి 252 కిలోలు పడుతుంది. 200 దాటింది. చిక్కటి స్లడ్జ్ 15 రోజుల్లో ఆరదు. రెండు లెక్కల్లో ఏది ఎక్కువ స్థలం అడిగితే దానికి తలవంచాలి. 200 మించకూడదంటే 600 చదరపు మీటర్లు. అయినా 1,430తో పోలిస్తే లాభమే.

ఇంకోటి. సెట్లింగ్ ట్యాంకు మీద తేలిన నీళ్లు, బెడ్ కిందకి దిగిన నీళ్లు, ఇవన్నీ మురుగునీటి కంటే ఘాటైనవే. పోసిన పరిమాణంలో సగానికి పైగా ఇలా నీళ్లుగానే బయటికొస్తుంది. దానికి వేరే శుద్ధి లేకుండా ఉత్త బెడ్లు మాత్రమే కట్టిన డిజైన్ చూపిస్తే సంతకం పెట్టకండి.

కొత్తపాఠం

ఒక ప్రశ్న. ఇలా ఆరిన స్లడ్జ్ ఎరువుగా వాడొచ్చు కదా? బాగా ఎండిపోతే క్రిములు చచ్చిపోతాయిగా.

ల్యాబ్‌బెంచి

ఎండినంత మాత్రాన చావవు. బ్యాక్టీరియా చాలావరకు తగ్గుతుంది. ఏలికపాము గుడ్లు మాత్రం గట్టి పిండాలు. ఎండిన మట్టిలో కూడా నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే వాటినే కొలమానంగా పెట్టుకుంటారు. గుడ్లు చచ్చాయంటే మిగతావి చచ్చినట్టే లెక్క.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల ప్రకారం సాగులో వాడాలంటే గ్రాము ఘనపదార్థానికి ఒక గుడ్డు కంటే తక్కువే ఉండాలి. అదే చోట చెప్పిన దారులు కూడా చూడండి. 50 డిగ్రీల పైన కనీసం వారం పాటు కంపోస్టు కావాలి. లేదా 20 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో ఏడాదికి పైగా కదపకుండా నిల్వ ఉంచాలి. కంపోస్టు కుప్ప లోపల 60 ఉన్నా అంచున 35 ఉంటుంది. తిరగేయకపోతే అంచున ఉన్న గుడ్లు హాయిగా ఉంటాయి. థర్మామీటరు కుప్ప మధ్యలో గుచ్చి ఫొటో తీసి రిపోర్టులో పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

ట్యాంకర్‌వెనక

ఎవరూ ఎత్తని సంగతి ఒకటి నేను చెప్పాలి. కొత్తపాఠం, ఫీల్డుకి వెళ్తావు కాబట్టి ఇది ముందే తెలియాలి.

ఏ కారణంతోనూ ట్యాంకులోకి దిగొద్దు, ఎవరినీ దించొద్దు. ఖాళీగా కనిపించే ట్యాంకు కూడా ఖాళీ కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. "వాసన తగ్గింది, ఇప్పుడు దిగొచ్చు" అనుకునే క్షణమే చావు. బురద కదిలిస్తే అందులో చిక్కుకున్న గ్యాస్ ఒక్కసారి పైకి వస్తుంది, కాబట్టి మొదట కొలిచిన రీడింగ్ పది నిమిషాల తర్వాత చెల్లదు. కొవ్వొత్తి దించి చూసే పాత అలవాటు ఇంకా ఉంది. లోపల మీథేన్ ఉంటే పేలుతుంది.

ఒకరు పడిపోతే కాపాడదామని రెండోవాళ్లు దూకుతారు, తర్వాత మూడోవాళ్లు. ఇలాంటి ప్రమాదాల్లో ఒకరి కంటే ఎక్కువమంది పోవడానికి కారణం అదే. మనిషి దిగాల్సిన అవసరమే రాకుండా మూత ఎక్కడ పెట్టాలి, గొట్టం ఎక్కడిదాకా చేరాలి అని డిజైన్ చేసేటప్పుడే ఆలోచించాలి. నువ్వు గీసే బొమ్మలో మూత వంటగది కింద పడిందో, పైన టైల్స్ వేసి మూసేశారో, అప్పుడు సమ్మెట పట్టుకుని దిగేది వేరేవాళ్లు.

ఓపెన్‌కోర్సు

ఇది కోర్సులో ఒక స్లైడు మాత్రమే. నిజమే, సరిపోదు.

నిదానం

ప్లాంటు కట్టాక ట్యాంకర్లు అక్కడికి రాకపోవడం గురించి కూడా కాస్త చదవండి. ఆపరేటర్లని దొంగలన్నట్టు మాట్లాడతారు గానీ, ప్లాంటు ఊరికి దూరంగా ఉంటే ప్రతి ట్రిప్పుకి డీజిల్, సమయం వాళ్ల జేబులోంచే పోతాయి. రోజుకి ఒక ట్రిప్పు తగ్గితే ఆ రోజు కూలి తగ్గినట్టే. పైగా దించినందుకు ఫీజు పెడితే ఇక ఎందుకొస్తారు? డకార్‌లో కాల్ సెంటర్ పెట్టి, ట్యాంకు ఖాళీ చేయించుకునే ఇంటి పని కోసం ఆపరేటర్ల మధ్య ఫోన్ మీద వేలం నడిపారు. తక్కువ రేటు చెప్పినవాళ్లకి పని. ఇలాంటివి చదివితే ఇది కాంక్రీటు గురించిన సబ్జెక్టు మాత్రమే కాదని తెలుస్తుంది. జరిమానాలతో మొదలుపెట్టిన ఊళ్లలో బండ్లు రాత్రిపూట తిరగడం మొదలుపెడతాయి, అంతే తేడా.

కొత్తపాఠం

అందరి మాటలూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇక రెండు సందేహాలు. స్లడ్జ్‌లో ఘనపదార్థం 20 కిలోలని మడిలెక్క గారు ఇచ్చారు. నిజంగా ఊళ్లో పనిచేసేటప్పుడు ఆ 20 ఎలా తెలుస్తుంది? రోజుకి 20 ఘనమీటర్లు వస్తుందని ఎలా తెలుస్తుంది?

ల్యాబ్‌బెంచి

మొదటిదానికి నేను. పక్క ఊరి అంకె తెచ్చి వేయొద్దు. పబ్లిక్ టాయిలెట్ సరుకు వేరు, ఇళ్ల ట్యాంకుల సరుకు వేరు, తరచూ ఖాళీ చేయించే హోటల్ సరుకు వేరు. ట్యాంకులో నేరుగా ముంచి తీస్తే పైపొర నీళ్లే వస్తాయి. ట్యాంకర్ దించుతున్నప్పుడు పట్టుకోవడం మేలు. మొదట్లో ఒకసారి, మధ్యలో రెండుసార్లు, చివర్లో ఒకసారి పట్టి, నాలుగూ కలిపి ఒక శాంపిల్ చేయాలి. మొదట పలచగా వచ్చి చివర్లో చిక్కగా రావచ్చు, అందుకే ఒక్కసారి పట్టినది నమ్మకూడదు. 2021లో స్లడ్జ్ పరీక్షా పద్ధతుల మీద వచ్చిన పుస్తకం కూడా ఉచితమే, ల్యాబ్ పద్ధతులన్నీ అందులో ఉన్నాయి.

ఎన్ని శాంపిల్స్ అని అడుగుతారు. సరుకు రకాల వారీగా విడదీసి, ఒక్కో రకానికి అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చూశాక నిర్ణయించండి. వచ్చిన అంకెలు 5 నుంచి 45 దాకా చెదిరిపోతే సగటు 20 అని రాసి ఊరుకోవద్దు. చెదిరిన తీరు కూడా డిజైన్ చేసేవాళ్లకి ఇవ్వండి.

ట్యాంకర్‌వెనక

రెండోది నాది. ట్యాంకుల సంఖ్యని ఒక్కోదాని సైజుతో గుణించి, ఎన్నేళ్లకోసారి ఖాళీ చేస్తారో దానితో భాగిస్తే ఒక అంకె వస్తుంది. ఆపరేటర్ల దగ్గర ట్రిప్పుల లెక్క అడిగితే ఇంకో అంకె వస్తుంది. రెండూ కలవవు. మొదటిది చాలాసార్లు పెద్దదిగా ఉంటుంది, ఎందుకంటే ట్యాంకు సైజు ఎంత ఉందో అంత మొత్తం ఎవరూ లాగరు. ప్లాంటుకి నిజంగా వచ్చేది రెండోదానికి దగ్గరగా ఉంటుంది. అయితే గుర్తుపెట్టుకో, షెడ్యూల్ పెట్టి అన్ని ఇళ్లవీ ఖాళీ చేయిస్తే అది పెరుగుతుంది.

ట్రిప్పుల పుస్తకంలో ఇంకో తిరకాసు ఉంది. బండి సగం నిండి వచ్చినా అందులో 5 ఘనమీటర్లనే రాస్తారు, ట్యాంకు మీద పెయింటు వేసింది అంతే కాబట్టి. చాలా ట్యాంకర్లకి వెనక మట్టం చూసే గాజు గొట్టం ఉంటుంది. ప్లాంటు గేటు దగ్గర ఉండే మనిషితో అది చూసి రాయించు. గొట్టం మురికిపట్టి కనిపించకపోతే తుడవడానికి ఒక గుడ్డ కూడా ఇప్పించు. వానాకాలంలో ఒక నెల, ఎండాకాలంలో ఒక నెల రాయించాక ఆ షీటు ఇక్కడ పెట్టు, మడిలెక్క గారు బెడ్ల లెక్క మళ్లీ వేస్తారు.